కొండమీద ఎంతండీ?

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. జీతం కాగితం మీద తప్ప దానికి పెద్దగా పనుండేది కాదు. ఆ పేపరాఫీసు ఆరంతస్తుల్లోనూ, గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని పైన ఎడిటర్‌గారి దాకా, అందరూ ఆయన్ని మబ్బు బాబాయ్ అనే పిలిచేవాళ్ళు. వాతావరణం రాసే మనిషి కాబట్టి మబ్బు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా చూపు కిటికీలోంచి ఎక్కడికో వెళ్ళిపోతుంది కాబట్టి కూడా మబ్బే. ఆ రెండో అర్థం ఆయనకి తెలియకపోలేదు. "రెండూ నిజమే కదా, కోపం దేనికి?" అనేవాడు.

ఆ పేపరు రోజూ లక్షల కాపీలు అచ్చయ్యేది. అందులో ఆయన వాటా అరచేయంత. రెండో పేజీలో కింద, కుడిపక్క మూల, గళ్ళ పెట్టె. ఏడు ఊళ్ళు, ఒక్కో ఊరికి మూడు అంకెలు: ఎక్కువ ఎంత, తక్కువ ఎంత, వాన ఎంత. కింద రెండు వాక్యాలు, రేపు ఎలా ఉండొచ్చో. అంతే. ఆ అరచేయంత జాగా కూడా ఆయనకి రాసిచ్చింది కాదు. ప్రకటన వచ్చిందంటే మొదట కత్తెర పడేది దానికే. ఒకసారి సబ్బు ప్రకటన కోసం రెండు ఊళ్ళ వాతావరణం ఎగిరిపోయింది. మర్నాడు ఆ రెండు ఊళ్ళ నుంచి ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేసి అడగలేదు. అది ఆయన్ని మూడు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు.

బయట్నుంచి చూస్తే ఆఫీసు అద్దాల మేడ, లోపల తేనెపట్టు. కింద అచ్చుయంత్రాలు, వాటి వెనక కాగితం గోడౌను. ఒక్కో కాగితపు చుట్ట మనిషి ఛాతీ ఎత్తు. మొదటి అంతస్తులో ప్రకటనల విభాగం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు, తప్పిపోయిన కుక్కని వెతుక్కునేవాళ్ళు, పోయినవాళ్ళ ఫోటో పట్టుకొచ్చి బల్లకి ఇవతల నిలబడి కళ్ళు తుడుచుకునేవాళ్ళు అక్కడ కనిపించేవాళ్ళు. నాలుగో అంతస్తు డెస్కు. ఎనభై బల్లలు, నూట పాతిక గొంతులు. మొదటి పేజీ వాళ్ళు ఎప్పుడూ పరుగుమీద ఉండేవాళ్ళు. ఆటల పేజీ వాళ్ళు నవ్వుతూ ఉండేవాళ్ళు. సంపాదకీయం రాసేవాళ్ళు అద్దాల గదిలో తలుపేసుకుని దేశాన్ని చక్కదిద్దుతుండేవాళ్ళు. వీళ్ళందరి మధ్యా చర్నాకోల లాంటి గొంతుతో తిరిగేవాడు డెస్కు ఇన్‌చార్జి. చాటున ఆయన్ని 'తొందర' అనేవాళ్ళు. "ఏమయ్యా, ఆ పేజీ ఇవాళ్టి పేపరుకా, వచ్చే ఏటికా?" అన్నది ఆయన ఊతపదం. నిజానికి చెడ్డవాడు కాదు. గడియారం ముల్లు మింగినట్టుండేవాడు, అంతే.

రోజూ మధ్యాహ్నం రెండింటికి అనుబంధం పేజీల అచ్చు మొదలయ్యేది. నాలుగంతస్తుల కింద యంత్రం కదిలితే పైన మబ్బు బాబాయ్ గ్లాసులో టీ సన్నగా వలయాలు తిరిగేది. ఆయన ఆ వలయాల్ని చూస్తూ కూర్చునేవాడు. అవి ఆగేసరికి నాలుగు కావస్తుండేది. అప్పుడు ఫోన్ దగ్గరికి లాక్కునేవాడు.

ఆరు ఊళ్ళ వాతావరణ కేంద్రాలకి ఫోన్ చేయడం ఆరు నిమిషాల పని. అవతలి గుమాస్తాలు అంకెలు విసిరేసి పెట్టేసేవాళ్ళు. ఏడోది కొండ. అది మాత్రం ఆయన చివరికి అట్టేపెట్టుకునేవాడు, పిల్లలు పళ్ళెంలో ఇష్టమైనది చివరికి అట్టేపెట్టుకున్నట్టు.

"కొండేనా అండీ?"

"కొండేనండీ, పేపరుగారూ. రాసుకోండి."

"కొండమీద ఎంతండీ?"

"ఎక్కువ ఇరవై రెండు. తక్కువ పదకొండు. వాన లేదు. కానీ సాయంత్రానికి తప్పదు, మా రేకుల మీద కాకులు కుదురుగా లేవు."

పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆమె పేరు ఆయన అడగలేదు, ఆయన పేరు ఆమె అడగలేదు. అక్కడ ఆమె ఒక్కతే ఉద్యోగి అనీ, పై ఆఫీసు ఎక్కడో చాలా దూరంలో ఉందనీ మాత్రం తెలుసు. ఆ ఫోన్ కూడా ఈ పేపరు వాళ్ళు వేయించిందే. మూడు అంకెలయ్యాక ఆమె ఒక మాట ఎక్కువ చెప్పేది. ఆ మాటకోసమే ఆయన చెవి ఆనించుకుని ఉండేవాడు. "ఇవాళ మబ్బు గుమ్మంలోకి వచ్చేసిందండీ. తలుపేస్తే సందుల్లోంచి దూరి, మంచం కింద నక్కింది." ఇంకోరోజు: "వాన ఆగి గంటైంది, చెట్లు మాత్రం ఇంకా కురుస్తూనే ఉన్నాయి." ఇలాంటివి గళ్ళ పెట్టెలో పట్టవు కదా. అందుకని ఒక చేతి పుస్తకంలో తేదీ వేసి రాసుకునేవాడు. ఫోన్‌లోంచి గాలి వినిపించేది, ఎప్పుడైనా రేకు టిక్కుమనేది, నీళ్ళు మరుగుతున్న చప్పుడు వచ్చేది. ఆయన కళ్ళు మూసుకుని ఆ చప్పుళ్ళతోనే కొండ కట్టుకున్నాడు. ఇక్కడ వాకిలి, ఇక్కడ వాలు, అక్కడ దిగువన పొగమంచు, పొగమంచులో సన్నగా పొడుగ్గా నిలబడ్డ ఒక మనిషి. చుట్టూ నూట పాతిక గొంతులు అరుస్తుంటే ఆయన రోజుకి రెండు నిమిషాలు ఆ వాకిట్లో కూర్చుని వచ్చేవాడు.

వాళ్ళావిడ కుట్టుపని నేర్పే బడిలో టీచరు. నోరున్న మనిషి, మనసున్న మనిషి. భర్త అన్నం కలుపుకుంటూ ఆగిపోతే, "కొండెక్కారా? దిగండి, పప్పు చల్లారిపోతోంది" అనేది.

అలా సాగిపోతున్న రోజుల్లో ఒక సోమవారం తొందరగారు ఆయన బల్ల దగ్గరికొచ్చి, ఎన్నడూ లేనిది, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తొందరగారు కూర్చున్నాడంటేనే ఏదో ఉందని అర్థం.

"బాబాయ్, ఇకమీదట ఏడు ఊళ్ళ అంకెలూ కంప్యూటర్లోనే వస్తాయట. ఆకాశంలోంచి కొలుస్తారు. పైవాళ్ళు ఒప్పందం రాసేశారు. పదిహేను రోజులు నువ్వు తెచ్చే అంకెలూ, అది ఇచ్చే అంకెలూ పక్కపక్కన పెట్టి చూడమన్నారు. తేడా లేకపోతే ఫోన్లు ఆపేద్దాం."

"ఆపేస్తే నేనేం చేయను?"

"నీ పనికేం? సవరణల పెట్టె నీకిస్తాను. పేపర్లో పడ్డ తప్పులు దిద్దేది. రోజూ నలుగురు తిడతారు. కాలక్షేపం."

పదిహేను రోజులూ మబ్బు బాబాయ్ గీతలు గీసి రెండు వరసల్లో అంకెలు వేశాడు. ఆరు ఊళ్ళవి అన్నదమ్ముల్లా సరిపోయాయి, అర డిగ్రీ అటూ ఇటూ. కొండది మాత్రం ఎక్కడా కలవలేదు. ఒకరోజు మూడు డిగ్రీలు ఎక్కువ, ఇంకోరోజు నాలుగు. తొందరగారు ఆ కాగితం చూసి పకపకా నవ్వాడు. "ఏం బాబాయ్, మీ కొండకి ఒంట్లో బాగాలేదా?" పక్క బల్లల వాళ్ళూ నవ్వారు. ఆరు ఊళ్ళు కలిశాయి కాబట్టి తప్పు కొండదేనని ఆ సాయంత్రమే తేల్చేశారు. మర్నాటి నుంచి ఫోన్లు లేవు.

ఆయన నవ్వలేదు. ఇంటికెళ్ళాక చేతి పుస్తకాలన్నీ దించి ముందేసుకున్నాడు. మర్నాడు ఆఫీసు గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు తిరగేశాడు. ఏటికేడు మొదట్నుంచి చూసుకుంటూ వచ్చాడు. మొదటి పదమూడేళ్ళూ కొండ అంకెలు కొండలాగే ఉన్నాయి, చలికాలం చలికాలంలా, ఎండాకాలం ఎండాకాలంలా. ఆ తర్వాత ఆరేళ్ళలో ఏదో మారింది. అంకెలు మామూలుగానే కనిపిస్తాయి, కానీ అక్కడక్కడ కారణం లేకుండా ఒరిగిపోతాయి. నాలుగేళ్ళ కిందటి ఒక వారం దగ్గర ఆయన వేలు ఆగింది. నడివేసవి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ మాడిపోతున్నాయి. కొండమీద మాత్రం 'ఎక్కువ' గడిలోనే తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది. చేతి పుస్తకంలో ఆ వారం ఏముందా అని చూశాడు. ఏడు రోజులూ ఆమె ఎక్కువ మాటేదీ చెప్పలేదు. ఒకచోట తన చేత్తోనే రాసుకున్నాడు: 'లైన్ బాగాలేదు. గొంతు సన్నగా వచ్చింది.'

పరుగున బల్ల దగ్గరికొచ్చి కొండకి ఫోన్ చేశాడు. వారం కూడా కాలేదు, లైను తీసేశారు. ఆ నంబరు వాడుకలో లేదని ఒక మర గొంతు మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు, ఏమైనా మారుతుందేమోనని.

"వెళ్ళి చూసొస్తాను" అన్నాడు ఇంట్లో. చెప్పడానికి రెండు రోజులు పట్టింది. తన మాట తనకే వింతగా వినిపించింది.

వాళ్ళావిడ కుట్టుమిషను ఆపి కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఒక్కరే వెళ్తారా? దిగాల్సిన స్టేషను దాటిపోయాక గుర్తొస్తుంది మీకు. పదండి, నేనూ వస్తా. పందొమ్మిదేళ్ళుగా సాయంత్రం నాలుగింటికి నా మొగుడు ఎవరి మాటకి చెవి కోసుకుంటున్నాడో నేనూ చూడాలిగా."

"ఛ ఛ, అదేం లేదు—"

"లేదని నాకు తెలుసులెండి. ఉంటే ఈపాటికి స్వెట్టరు కొనుక్కునేవారు. బ్యాగు దించండి."

రైలు కింది ఊరిదాకా, బస్సు సగం కొండదాకా. తర్వాత కాలిబాట. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులు. మలుపు మలుపుకీ మబ్బు వచ్చి దారి మూసేసేది, మళ్ళీ తెర తీసినట్టు తొలగేది. ఆయన నడుస్తున్నాడా తేలుతున్నాడా తెలియనట్టు నడిచాడు. ఎన్నిసార్లు ఈ దారిన రాలేదు కనక! కళ్ళు మూసుకుని వచ్చిన దారి కళ్ళు తెరిచి చూస్తే వేరుగా ఉంటుందని భయపడ్డాడు. వేరుగానే ఉంది. వాలు తనకి కుడిపక్కన అనుకున్నాడు, ఎడమపక్కన ఉంది. వాకిలి పెద్దదనుకున్నాడు, నాలుగడుగులు. రేకుల ఇల్లు, ముందు తెల్ల రంగు చెక్కపెట్టె ఒకటి, నాలుగు కాళ్ళమీద నిలబడి. పక్కన వాన కొలిచే గరాటు డబ్బా, రాగిది, అద్దంలా తుడిచి ఉంది.

గుమ్మంలో ఒకామె దుప్పటి దులుపుతోంది. పొట్టిగా, బొద్దుగా ఉంది. కళ్ళజోడు ఒక కమ్మి విరిగితే దారం కట్టుకుంది. వాళ్ళని చూసి, "దారి తప్పారా అండీ? బస్సు అటుపక్క" అంది.

ఆ గొంతు ఒక అడుగు దూరం నుంచి వినేసరికి ఆయన బ్యాగు కింద పెట్టేశాడు. నోట్లోంచి అలవాటు మాటే వచ్చింది.

"కొండేనా అండీ?"

దుప్పటి ఆమె చేతిలోంచి జారిపోయింది. "పేపరుగారా!" అంది. అని, నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక, ముందు దుప్పటి తీసుకుంది. "అయ్యో, నిలబెట్టేశాను. రండి, రండి. అమ్మా, మీరూ రండి. నీళ్ళు వేడిగానే ఉన్నాయి, టీ పెడతాను. మీరు ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదండీ."

"నేనూ మిమ్మల్ని పొడుగనుకున్నాను" అన్నాడాయన.

వాళ్ళావిడ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

టీ తాగుతున్నంతసేపూ కొండావిడ ఏదో ఒకటి సర్దుతూనే ఉంది. గ్లాసు అటు జరిపి ఇటు జరిపి, చివరికి పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఎందుకొచ్చారో నాకు తెలుసు. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు వస్తారనుకుంటూనే ఉన్నా. మీరే వచ్చారు, అది నా అదృష్టం. రండి, చూపిస్తా."

తెల్ల చెక్కపెట్టె తలుపు తీసింది. లోపల మేకు ఉంది. మేకుకి ఏమీ లేదు.

"వేడీ చలీ కొలిచేది ఒకే గాజు గొట్టమండీ, వంపు తిరిగి రెండు కొమ్ముల్తో ఉండేది. ఒక కొమ్ము ఎక్కువ చూపేది, ఒక కొమ్ము తక్కువ. ఆరేళ్ళ కిందట దుమ్ము తుడుస్తుంటే చెయ్యి జారింది. ఈ మెట్టు మీదే పడింది. ఆ ముక్కలన్నీ ఏరి కాగితంలో కట్టి, ఉత్తరం రాసి పై ఆఫీసుకి పంపా. రేపొస్తుంది ఎల్లుండొస్తుందన్నారు. ఇంతలో నాలుగైంది, మీ ఫోన్ వచ్చింది. ఇవాళ లేదని చెప్దామనుకున్నా. చెప్పలేకపోయా. నా చేతి తప్పు కదా, ఉద్యోగానికి ఏమొస్తుందోనని భయం. పదమూడేళ్ళు రోజూ చూసిన అంకె. ఒంటికి తెలియదా? రాతి మెట్టు మీద కాలు పెట్టా, రేకు చప్పుడు విన్నా, బకెట్లో చెయ్యి ముంచా, ఇరవై మూడన్నా. మర్నాడు మీ పేపర్లో ఇరవై మూడని అచ్చయింది. అచ్చులో చూస్తే నాకే నిజమనిపించింది."

"ఆరేళ్ళూ?"

"ఆరేళ్ళూ. పదకొండు ఉత్తరాలు రాశా. నకళ్ళున్నాయి, కావాలంటే చూపిస్తా. వాన మాత్రం అబద్ధం కాదండీ. డబ్బా ఉంది, కొలిచే చెప్పా. ఒక్క చుక్క ఎక్కువ చెప్పలేదు."

మబ్బు బాబాయ్ చేతి పుస్తకం తీసి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె దారం కళ్ళజోడు సరిచేసుకుని తేదీలు చదివింది.

"ఆ వారం మా అమ్మ పోయిందండీ" అంది. "నాతోనే ఉండేది, ఆ లోపలి గదిలో. బయట ఎండ కాస్తోందని కళ్ళకి తెలుస్తోంది, కానీ మెట్టు మీద కాలు పెడితే జిల్లుమనేది. ఎక్కడ చెయ్యి పెట్టినా చల్లగానే ఉండేది. తొమ్మిదని చెప్పా. మీరు రాసుకున్నారు."

"లైన్ బాగాలేదనుకున్నాను" అన్నాడాయన మెల్లిగా.

"లైన్ బాగానే ఉందండీ."

పందొమ్మిదేళ్ళు చెవి ఆనించుకుని వింటున్నాననుకున్నాడు. 'ఏమ్మా, ఒంట్లో బాగుందా?' అని ఒక్కమాట అడగడానికి నోరు రాలేదు ఆ రోజు. ఆయన పుస్తకం మూయలేక మూశాడు. వాళ్ళావిడ లేచి వెళ్ళి కొండావిడ పక్కన పీట మీద ఇరుక్కుని కూర్చుంది. భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. దిగువనుంచి మబ్బు లేచి వాకిట్లోకొచ్చి, ముగ్గురి పాదాల దగ్గరా కాసేపు ఆగి, పెరటివైపు వెళ్ళిపోయింది.

"మరి మొన్న కంప్యూటరుతో పోల్చిన పదిహేను రోజులు?" అని అడిగింది వాళ్ళావిడ కొంచెంసేపయ్యాక.

"ఆ పదిహేను రోజులూ నాకు జ్వరమమ్మా" అంది కొండావిడ. ముగ్గురికీ ఒక్కసారే నవ్వొచ్చింది.

దిగబోయేముందు ఆమె పదకొండు ఉత్తరాల నకళ్ళూ ఒక కవర్లో పెట్టి తెచ్చింది. "పేపర్లో రాయండి. ఇంకో రెణ్ణెల్లలో రిటైరవుతున్నా, భయం లేదు. మీ పేపరు నమ్మి ఎవరో ఒకరు దుప్పటి తీసుకెళ్ళి ఉంటారు, ఎవరో తీసుకెళ్ళక వణికి ఉంటారు. చెప్పకుండా దిగిపోతే నాకు నిద్ర పట్టదు."

"మిమ్మల్ని ఏమైనా అంటే?"

"అంటే పడతా. పడాల్సినదే కదండీ."

తిరుగు రైల్లో ఆయన ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రాయమని ఆమే చెప్పింది, నిజమే. కానీ ఆయన చేత్తో రాసిన ముక్కతో, రెండు నెలల్లో దిగిపోయే మనిషికి ఉద్యోగం చివర్లో మచ్చ పడితే? రాయకపోతే, రేపట్నుంచి సవరణల పెట్టె దగ్గర కూర్చుని ఊళ్ళో వాళ్ళ తప్పులు ఏ మొహంతో దిద్దాలి? వాళ్ళావిడ సీటు మీద కాళ్ళు ముడుచుకుని పడుకుంటూ, "ఉత్తరాల సంగతి కూడా రాస్తే అది ఆవిడొక్కదాని తప్పెందుకవుతుంది?" అంది. అని నిద్రపోయింది. ఆయన మెలకువగానే ఉండి, కిటికీ అద్దం మీద వేలితో వాక్యాలు రాసి చెరుపుతూ కూర్చున్నాడు.

మర్నాడు తొందరగారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. తొందరగారు గడియారం చూడకుండా వినడం డెస్కు మొత్తం గమనించింది.

"ఆరేళ్ళు. రోజుకి రెండంకెలు. లక్షల కాపీలు" అన్నాడు తొందరగారు. "ఒక్కడు ఫిర్యాదు చేశాడా?"

"లేదు."

"అంటే ఎవడూ చదవడం లేదా, ఆవిడ అంత బాగా చెప్పిందా?"

"నాకు తెలియదు. కానీ సవరణ వేయాలి."

"వేస్తే పైవాళ్ళు నన్ను పీకుతారు, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావని."

"నన్నూ పీకుతారు. ఆ అంకెలు రాసుకున్నది నేనేగా."

తొందరగారు మబ్బు బాబాయ్‌ని ఎగాదిగా చూశాడు, ఇరవయ్యేళ్ళుగా మూలన ఉన్న బీరువా ఉన్నట్టుండి మాట్లాడినట్టు. "రాసుకురా" అన్నాడు. "ఐదు వాక్యాలు. ఆరోది రాస్తే కోసేస్తా."

ఐదు వాక్యాలకి ఆయనకి సగం రోజు పట్టింది. ఇలా అచ్చయింది: "ఈ పత్రికలో గత ఆరేళ్ళుగా వచ్చిన కొండ కేంద్రం ఉష్ణోగ్రతలు పరికరంతో కొలిచినవి కావు. పరికరం పగిలిపోగా అక్కడి ఉద్యోగిని తన అనుభవంతో వేసిన అంచనాలు. కొత్త పరికరం కోసం ఆమె పదకొండుసార్లు పైఅధికారులకి రాసినా అది రాలేదు. వానపాతం వివరాలు సరైనవే. ఇన్నాళ్ళూ సరిచూసుకోని తప్పు మాది, పాఠకులు మన్నించాలి."

ఆఖరి వాక్యంలో 'మాది' అన్న మాటని ఎడిటర్‌గారు ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టి, కొట్టేయబోయి, ఉంచేశారని చెప్పుకున్నారు.

ఆ రోజు ఆయన ఫోన్ పక్కనే కూర్చున్నాడు, తిట్లకి చెవులు సిద్ధం చేసుకుని. తిట్లు వచ్చాయి, రాకేం. ఆరేళ్ళు మోసపోయామని ఒకాయన అరగంట దులిపాడు. కానీ కొండకింద తోటలు పెంచే ఒకాయన ఫోన్ చేసి, "ఆవిడ అంకె చూసే మొక్కలకి చలి తగలకుండా గడ్డి కప్పేవాణ్ణి. ఒక్క ఏడు తప్ప ఎప్పుడూ నష్టపోలేదు. ఆ ఒక్క ఏడు నడివేసవిలో గడ్డి కప్పమన్నట్టు చెప్పింది. పిచ్చివాడిలా కప్పాను" అన్నాడు. అని, "ఆవిడకి అప్పుడేమైందండీ?" అని అడిగాడు. "ఆ వారం వాళ్ళమ్మ పోయిందండీ" అన్నాడు మబ్బు బాబాయ్.

ఇక పై ఆఫీసు సంగతి. ఆరేళ్ళలో రాని గాజు గొట్టం సవరణ పడ్డ నాలుగో రోజున కొండెక్కింది. రంపప్పొట్టులో పెట్టి, ముగ్గురు మనుషుల్ని తోడిచ్చి మరీ పంపారు. దాంతోపాటు సంజాయిషీ అడుగుతూ ఆమెకి ఒక కాగితం కూడా వచ్చింది. మబ్బు బాబాయ్ తిప్పి పంపిన పదకొండు ఉత్తరాల నకళ్ళూ ఆమె పన్నెండో ఉత్తరంతో కలిపి పంపింది. పన్నెండో ఉత్తరంలో తన తప్పు తాను ఒప్పుకుంది, ఒక్క ముక్క దాచలేదు. పైవాళ్ళు చాలాసేపు తలలు గోక్కున్నట్టున్నారు. చివరికి ఇకముందు జాగ్రత్తగా ఉండమని రాశారు. ఇకముందంటే అప్పటికి పందొమ్మిది రోజులుంది ఆమె ఉద్యోగం.

రిటైరైన మర్నెల ఆమె కింది ఊళ్ళో చెల్లెలింటికి మారింది. ఒకరోజు మబ్బు బాబాయ్ వాళ్ళింటికి ఉత్తరం వచ్చింది. చిత్రం, ఆ ఉత్తరం వాళ్ళావిడ పేరున వచ్చింది. 'మీ ఊరు చూడాలనుంది, ఆ పేపరు పుట్టేచోటు చూడాలనుంది' అని.

ఆమె వచ్చిన రోజు మబ్బు బాబాయ్ ఒక పూట సెలవు పెట్టి, సెలవు పెట్టిన ఆఫీసుకే వెళ్ళాడు, ఇద్దరు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని. ముందు కాగితం గోడౌను చూపించాడు. ఆమె ఒక చుట్ట చుట్టూ నడిచి, "దీన్ని విప్పితే ఎంతదూరం పోతుందండీ?" అంది. అక్కడి మనిషి లెక్కకట్టి కొన్ని మైళ్ళు అన్నాడు. ఆమె ఆ దూరాన్ని మనసులో నడుస్తున్నట్టు కాసేపు నిలబడిపోయింది. తర్వాత అచ్చుయంత్రం. రెండింటికి గంట మోగింది, యంత్రం కదిలింది. తెల్లటి కాగితం ఏరులా లోపలికి పోయి, అక్షరాలు తొడుక్కుని, మడతలు పడి, అవతలివైపు పేపర్లై పడుతోంది. ఆ హోరులో మాట వినపడే ప్రశ్నే లేదు. ముగ్గురూ గోడకి ఆనుకుని, ఏదో పెద్ద నిద్రలో ఉన్నట్టు, దాని ముందు నిలబడ్డారు. సిరా వాసన, నూనె వాసన, తడి కాగితం వాసన. ఎంతసేపు నిలబడ్డారో వాళ్ళకే తెలియదు. ఒక పనివాడు వచ్చి, ఇంకా సిరా ఆరని పేపరొకటి తీసి కొండావిడ చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు, ఎక్కడ పట్టుకోవాలో తెలియనట్టు.

నాలుగో అంతస్తులో తొందరగారు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "మీ మూలాన మా వాతావరణం పెట్టె మొదటిసారి జనం చదివారండీ" అన్నాడు. ఆమె సిగ్గుపడి, "మా మూలాన మీకు మాటొచ్చింది" అంది. "పేపరన్నాక మాట రాకుండా ఎలా?" అని, ఆయన అలవాటు కొద్దీ గడియారం చూశాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ క్యాంటీన్‌కి వెళ్తామని లిఫ్టు ఎక్కారు. అప్పటికే వాళ్ళ మాటలు జాకెట్టు కొలతల దగ్గరికి వెళ్ళాయి. కొండావిడ భుజం తగ్గించాలంటోంది, వాళ్ళావిడ తగ్గించకూడదంటోంది. తలుపు మూసుకున్నా గొంతులు కింది అంతస్తు దాకా వినిపించాయి. మబ్బు బాబాయ్ నవ్వుకుంటూ తన బల్ల దగ్గరికి వచ్చాడు. సెలవైతే ఏం, పనుంది. నిన్నటి పేపర్లో ఒక వంతెన పొడవు తప్పు పడింది. ఆ వంతెన కట్టిన పనివాడొకడు పొద్దున్నుంచి ఆయన కోసం మూడుసార్లు ఫోన్ చేశాడట. ఆయన నంబరు తిప్పాడు. అవతల మనిషి పొడవు చెప్పి ఆగలేదు, పునాది వేసిననాటి వరద సంగతి మొదలుపెట్టాడు. మబ్బు బాబాయ్ మధ్యలో అడ్డుకోలేదు. "ఆ వరదలో మీ వాళ్ళంతా క్షేమమేనా?" అని అడిగాడు. ఆ మనిషి తన తమ్ముడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజు సవరణల పెట్టె ఉన్న రెండో పేజీ పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. తొందరగారు రెండుసార్లు బల్ల దాకా వచ్చి, ఆయన మొహం చూసి, వెనక్కి వెళ్ళాడు.